వింధ్యావళి చెయ్యి

"చేతిపని ఏదైనా వచ్చా?"

వేసవి పరిశోధనకు వచ్చే ప్రతి విద్యార్థినీ ఆచార్య దండమూడి శేషాచలం మొదట అడిగే ప్రశ్న అది. మార్కుల సంగతి తర్వాత. ఒక్కోసారి అదీ అడిగేవాడు కాదు.

"రాదండి," అంది ప్రసూన.

"వీణ, వయొలిన్, మృదంగం లాంటివి?"

"లేదండి."

"కుట్టుపని? బొమ్మలు గీయడం? మీది బంగారప్పని చేసే ఇల్లా?"

"కాదండి."

పక్క కుర్చీ అంచున కూర్చున్న తల్లి మంగతాయారు కలగజేసుకుంది. "ఆయ్, మా పిల్లకి చదువు తప్ప ఇంకోటి తెలవదండి. చీపురు కూడా పట్టనివ్వలేదు. నేనెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటాను కదండీ."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్లో తెల్ల దారపు ఉండ దొర్లుతోంది. కుడిచేతిలో లేసు సూది ఆడుతోంది. నర్సాపురం పక్క పల్లెల్లో ఆడవాళ్లు బస్సు కోసం నిలబడ్డా, ఆసుపత్రి వరండాలో కూర్చున్నా ఆ సూది ఆగదు. వాళ్లు అల్లిన లేసు ఓడలెక్కి పోతుంది. అయినా వాళ్ల ఇళ్లల్లో దానికి పని అని పేరు లేదు. ఏం చేస్తున్నారని అడిగితే ఊరికే ఉన్నామంటారు. ప్రసూన పలక పట్టక ముందే ఆ సూది పట్టింది. తల్లికి చూపు మసకబారాక, మధ్యలో వచ్చే సన్నపువ్వు అంతా ఆ పిల్లే అల్లుతోంది. అయినా చేతిపని వచ్చా అంటే రాదంది. అబద్ధం చెప్పాలని కాదు. లేసు సంగతి ఆమెకు తట్టనే లేదు.

శేషాచలం కూడా ఆ సూదిని చూశాడు. ఆడవాళ్ల కాలక్షేపం అనుకున్నాడు. పిల్లను తీసుకున్నాడు.

అతడు ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో మృదంగం నేర్చిన కుర్రవాడొకడు వచ్చాడు. ప్రయోగం మొదలైన కొద్దిరోజులకే వాడి వేళ్లు తాళం తప్పాయి. వెంటనే ఆపేశారు కాబట్టి వాడి విద్య వాడికి తిరిగి వచ్చింది. కోతుల మీద చేసిన పరీక్షల్లో సంగతి పూర్తిగా తేలింది. కొత్త చెయ్యి పాత చెయ్యి మీద కూర్చుంటుంది. నెల దాటితే పాతది ఇక లేవదు. అప్పటి నుంచి నియమం పెట్టారు, చేతిలో విద్య ఉన్నవాళ్లను తీసుకోకూడదని.

*

కొత్త చెయ్యి డాక్టర్ వింధ్యావళిది. ఆమె శేషాచలం భార్య. ఇప్పుడు లేదు.

యంత్రంలో పడి తెగిన చేతులకు, పగిలిన గాజు కోసిన మణికట్లకు వింధ్యావళి నరాలు కుట్టేది. వెంట్రుక కంటే సన్నని దారంతో, మైక్రోస్కోపు కింద. ఆమె కుట్టిన చేతులు మళ్లీ అన్నం కలుపుకునేవి. అంత పని చేతికి రావాలంటే పదేళ్లు పడుతుంది. జబ్బు చేసి ఆమె మంచం పట్టినప్పుడు, ఇంజనీరైన శేషాచలం ఆమె చేతిని దాచుకోవాలనుకున్నాడు. మోచేతి నుంచి వేళ్ల చివరల దాకా ఒక తొడుగు తయారుచేశాడు. మంచం పక్కనే బల్ల వేయించి ఆమెతో కుట్లు వేయించాడు. కండరాలు ఎక్కడ బిగిశాయో, ఎక్కడ వదిలాయో, ఏ వేలు ఏ వేలి కోసం ఆగిందో, అన్నీ ఆ తొడుగు పట్టుకుంది. ఆ ముద్రను అతడు ఒక యంత్రంలో దాచాడు. ఆమె పోయింది. చెయ్యి మిగిలింది.

వైజాగులో, కొండ మీది పరిశోధనాలయంలో, ప్రసూన రోజూ ఉదయం ఆ తొడుగులోకి కుడిచేయి దూర్చేది. తలకు తీగలున్న టోపీ పెట్టుకునేది. తొడుగు ఆమె వేళ్లను నడిపిస్తుంటే, ఈ కదలిక నీదేనని టోపీ మెదడుకు చెబుతుంది. రోజులు గడిచే కొద్దీ మెదడు నమ్ముతుంది. ఆ తర్వాత తొడుగు తీసేసినా చెయ్యి ఆ పని చేస్తుంది.

కుట్టడానికి కోడికాళ్లు. సీనియర్ పరిశోధకుడు ఫిరోజ్ పొద్దున్నే బజారుకు వెళ్లి తెచ్చేవాడు.

"చూడు చెల్లెమ్మా," అనేవాడు, సంచి బల్ల మీద పెట్టి. "ఈ కోడి ధన్యురాలు. ఊళ్లో కోళ్లన్నీ బిర్యానీలోకి పోతుంటే ఇది సైన్సులోకి వచ్చింది."

"నరం తీసేశాక మిగతాది ఏం చేస్తారండి?"

"అది అడక్కు. మా హాస్టల్లో ఆకలితో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు."

అంతకుముందు వచ్చిన విద్యార్థులకు ఆ చెయ్యి ముక్కలు ముక్కలుగా అబ్బింది. ఒకడికి పటకారు పట్టే తీరు వచ్చింది. ఒకమ్మాయికి ముడి సగం వచ్చింది. వేసవి అయిపోయేది, వాళ్లు పోస్టరు అంటించి, ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు. శేషాచలం మళ్లీ వేసవి కోసం ఎదురుచూసేవాడు.

ప్రసూనకు మొత్తం వచ్చింది.

మూడో వారంలో ఒకరోజు ఆమె తొడుగు లేకుండా కోడినరం కుట్టింది. మైక్రోస్కోపు తెర మీద కుట్లు వరసగా పడుతున్నాయి. ఫిరోజ్ తెర మీదకు వంగి చూస్తున్నాడు. శేషాచలం తెర వైపు చూడటం లేదు. మొదటి కుట్టుకు ముందు ఆ పిల్ల చిటికెన వేలితో బల్ల అంచును తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. వింధ్యావళి ఏ బల్ల ముందు కూర్చున్నా అలాగే తుడిచేది.

మర్నాటి నుంచి శేషాచలం మధ్యాహ్నం క్యాంటీన్‌కు రావడం మొదలుపెట్టాడు. అన్నేళ్లుగా గదిలోనే తినే మనిషి. ప్రసూనకు ఎదురుగా, రెండు బల్లల అవతల కూర్చునేవాడు. ఆ పిల్ల సాంబారులోని కరివేపాకు ఒక్కొక్కటే తీసి కంచం అంచున వరసగా పేర్చేది. మాటల్లో పడి చేసేది, తనకే తెలియకుండా.

"ఏంటమ్మాయ్, కరివేపాకుకి పరేడ్ పెట్టించావు?" అన్నాడు ఫిరోజ్.

ప్రసూన కంచం చూసుకుని నవ్వింది. "ఏమోనండి. మా ఇంట్లో నమిలి మింగేస్తాం."

శేషాచలం తినడం మానేసి ఆ ఆకుల వరసనే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ల పిల్ల ఆమె. అతనికది గుర్తున్నట్టు లేదు.

*

ఆ ఆదివారం హాస్టల్ గదిలో ప్రసూన సంచిలోంచి లేసు తీసింది. బల్లమీద పరిచే గుడ్డ. చుట్టూ అంచు తల్లి అల్లి పంపింది, మధ్యలో పువ్వు ప్రసూన అల్లాలి. నర్సాపురం నుంచి వచ్చే ఎవరిచేతనో పంపిస్తే వారం నుంచీ అలాగే ఉంది.

సూది పట్టుకుంది. వేళ్లు దాన్ని పటకారు పట్టినట్టు పట్టుకున్నాయి. సర్దుకుని మళ్లీ పట్టుకుంది. దారం వేలికి చుట్టింది. లాగింది. దారం బిగుసుకుపోయింది. విప్పి మళ్లీ వేసింది. ఎన్నిసార్లు వేసినా పువ్వు రాలేదు. గట్టి ముడులు పడ్డాయి. చిన్నప్పటి నుంచి కళ్లు మూసుకుని చేసిన పని. ఇప్పుడు కళ్లు పెట్టి చూస్తున్నా రావడం లేదు.

మర్నాడు ప్రయోగశాలలో ఫిరోజ్‌కు చెప్పింది. నవ్వుతూనే చెప్పాలనుకుంది. కుదరలేదు.

ఫిరోజ్ కోడికాళ్ల సంచి కింద పెట్టేశాడు. "ఏమీ రాదన్నావుగా నువ్వు!"

"రాదనే కదండీ... అది ఇంట్లో చేసుకునేది. పనేం కాదు కదండీ అది."

"చూపించు."

సంచిలోంచి పాత లేసు ముక్క తీసి ఇచ్చింది. ఇంటర్ సెలవుల్లో అల్లినది. ఫిరోజ్ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని తీసుకుని శేషాచలం గదిలోకి వెళ్లాడు.

"సార్, ప్రయోగం ఆపాలి. ఈ పిల్ల చేతిలో విద్య ఉంది. మనకు తెలియలేదు."

శేషాచలం లేసు చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. అతని ముఖంలో వచ్చిన మార్పు ఫిరోజ్‌కు నచ్చలేదు.

"అందుకా!" అన్నాడు శేషాచలం. "అందుకనా అంతా పట్టేసింది! ఇన్నాళ్లూ మనం ఏమీ రాని చేతులే వెతుక్కున్నాం ఫిరోజ్. అడ్డుగోడ అనుకుని పక్కకు తోసేశాం. అది పునాదయ్యా. పట్టుకునే చెయ్యి ఉంటేనే వింధ్య చెయ్యి నిలబడుతుంది."

"కావచ్చు సార్. ఆ పునాదే పోతోంది."

"లేసేగా."

"సార్!"

"చేతిపని వచ్చా అని అడిగాను. రాదన్నారు. తల్లి కూడా పక్కనే ఉండి చెప్పింది. నేనేం చేయను?"

"నెల ఇంకా నిండలేదు. ఇప్పుడు ఆపితే తిరిగొస్తుంది. ఆ అమ్మాయికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ఫిరోజ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పక్కకు తప్పుకోలేదు. శేషాచలం ప్రసూనను పిలవక తప్పలేదు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. మెత్తగా చెప్పడం అతనికి చేతకాదు. ఆపేస్తే లేసు తిరిగి వస్తుంది, వింధ్యావళి చెయ్యి పోతుంది. కొనసాగిస్తే ఆ చెయ్యి ఎప్పటికీ ఉండిపోతుంది, లేసు ఇక రాదు. రెండూ ఒక చేతిలో ఇమడవు.

"వచ్చే వారం పెద్దాసుపత్రి నుంచి సర్జన్లు నిన్ను చూడ్డానికి వస్తున్నారు," అన్నాడు. "ఈ చెయ్యి ఉంటే నిన్ను ఎవరూ వదులుకోరు. నువ్వింకా డిగ్రీ పిల్లవి. పదేళ్ల చదువు నీకు ఒక్క వేసవిలో అందింది. ఆలోచించుకో."

"ఇంటికెళ్లి వస్తానండి," అంది ప్రసూన.

*

ఇంట్లో మంగతాయారు ఒక్కతే ఉంది. మొగుడు చేపల చెరువు కాపలాకు వెళ్లాడు.

"ఏవే అమ్మడూ, అలా చిక్కిపోయావేంటి? అక్కడ తిండి పెట్టట్లేదా?"

"పెడతన్నారమ్మా."

"పువ్వు అయ్యిందా? ఏజెంటు నా ప్రాణం తోడేస్తన్నాడు."

ప్రసూన గుడ్డ ఇచ్చింది. మంగతాయారు దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, లాభం లేక బొటనవేలితో తడిమింది. వేలు ఒకచోట ఆగింది.

"ఎవరిదే ఈ ముడి?"

"నాదేనమ్మా."

"పోవే. నీ చెయ్యి నాకు తెలవదా? ఎవరి చేతన్నా చేయించావా?"

ప్రసూన మొత్తం చెప్పింది. తొడుగు, టోపీ, చనిపోయిన డాక్టరమ్మ. మంగతాయారు గుడ్డను తడుముతూ విన్నది. చెప్పడం అయ్యాక గుడ్డను మడిచి పక్కన పెట్టింది.

"పోతే పోనియ్యవే," అంది. "పీడా పోద్ది."

ప్రసూన తల్లి ముఖంలోకి చూసింది.

"ఏం, అలా చూస్తావ్? నా కళ్లు తినేసింది ఇది. మా అమ్మ నడుం తినేసింది. ఇన్నేళ్లు అల్లి అల్లి, ఎవరన్నా అడిగితే ఊరికే కూచున్నాం అని చెప్పుకున్నాం. నీ ఎదురుగానే చెప్పాను కదా ఆ సారుకి. నీకూ ఇదే అంటించాలా? డాక్టరమ్మ చెయ్యి ఊరికే ఇస్తానంటే కాదనే ఎర్రిది ఉంటదా ఎక్కడన్నా?"

"నాకు అందులో ఏమీ తెలవట్లేదమ్మా."

"ఏం తెలవట్లేదు?"

"కుడతాను. బాగా పడుద్ది. అందరూ బాగుందంటారు. నాకేమో ఎవరింటి పెళ్లిలోనో వడ్డించొచ్చినట్టు ఉంటది. పువ్వు అల్లేటప్పుడు ఒక కన్ను తప్పితే నాకు ఒళ్లు మండేది, గుర్తుందా? విప్పి మళ్లీ వేసేదాన్ని. అక్కడ తప్పు పడదమ్మా. పడినా అది నాది కాదు."

"తప్పు పడకపోతే ఏడుస్తావేంటే!" మంగతాయారు నవ్వబోయి ఆగింది. కూతురు నిజంగానే ఏడుస్తోంది. ఆమె కొంగుతో తన ముఖమే తుడుచుకుంది.

"నీ చెయ్యి, నీ ఇష్టం," అంది చివరికి. "నన్నడిగితే ఉంచుకోమంటాను. నువ్వు నన్ను అడగడానికి రాలేదు. చెప్పి పోదామని వచ్చావు. నాకు తెలవదా?"

*

"ఆపేద్దాం సార్," అంది ప్రసూన, తిరిగి వచ్చిన రోజు.

శేషాచలం కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద సముద్రం కనిపిస్తుంది. అతడు సముద్రాన్ని చూడలేదు.

"నువ్వు ఏం పారేస్తున్నావో నీకు తెలుసా? తెగిన చెయ్యి పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ ఎంతమంది తిరుగుతున్నారో తెలుసా? వాళ్లను కుట్టే చెయ్యి ఇది. నువ్వు కావాలంటున్నది బల్లమీద పరిచే గుడ్డ."

"తెలుసండి. కుట్టడం నేర్చుకుంటాను. మానేస్తానని కాదు. మీరు నేర్పండి."

"ఎవరు నేర్పాలి? నేర్పాల్సిన మనిషి పోయింది. నేను ఇంజనీర్ని. సూదిలోకి దారం ఎక్కించడం రాదు నాకు."

"చూశారు కదండీ ఇన్నేళ్లు. మాకు కూడా ఎవరూ కూచోబెట్టి నేర్పరండి. పక్కన కూచుని చూస్తాం, అంతే."

"పదేళ్లు పడుతుంది."

"పట్టనివ్వండి."

శేషాచలం కిటికీ దగ్గర నుంచి తిరిగి వచ్చాడు. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. "సరే. ఆపేద్దాం. సర్జన్లు ఇప్పటికే బయల్దేరారు, వాళ్ల ముందు పరువు పోకూడదు. చివరిసారిగా తొడుగు వేసుకుని ఒక్క కుట్టు వెయ్యి. ఆ తర్వాత ఈ తొడుగు నీ దరికి రాదు."

ఆ రోజుతో నెల నిండుతోంది, ఆ ఒక్క కుట్టుతో గడువు దాటుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ పిల్లకు తెలియదు. ఫిరోజ్‌కు తెలుసు, కానీ అతన్ని సర్జన్ల కోసం స్టేషనుకు పంపేశాడు. ఒక మనిషి అన్నీ ఆలోచించుకుని, తన దగ్గర చదువుకోవడానికి వచ్చిన పిల్లకు ద్రోహం తలపెట్టాడు. దానికి మరో పేరు లేదు.

ప్రసూన చెయ్యి చాపింది. గురువు అడిగాడు, ఇచ్చింది.

శేషాచలం తొడుగు ఎక్కించాడు. మణికట్టు దగ్గర పట్టీ బిగించాడు. మోచేతి దగ్గర పట్టీ అందుకున్నాడు. యంత్రం ఇంకా వేయలేదు.

ఆ చెయ్యి లేచింది. అరచెయ్యి కొంచెం తిరిగింది. వేళ్ల వెనకభాగం అతని మణికట్టుకు ఆనింది. నెమ్మదిగా, కోపమేమీ లేకుండా, తిండి చాలించిన మనిషి కంచం పక్కకు జరిపినట్టు, అతని చేతిని పక్కకు జరిపింది.

"అయ్యో!" ప్రసూన కంగారుగా లేచింది. "సార్, నేను కాదండి. కావాలని చెయ్యలేదండి. ఏమీ అనుకోకండి సార్."

శేషాచలం తన మణికట్టునే చూసుకుంటున్నాడు.

ఆసుపత్రిలో ఆఖరి రోజు మధ్యాహ్నం. వింధ్యావళి ఎడమచేతికి సెలైన్ ఉంది. కుడిచేతికి తొడుగు. నోరు ఎండిపోయి మాట రావడం లేదు. ఇంకొక్క కుట్టు అన్నాడు అతడు. ఆమె అతని చేతిని ఇలాగే పక్కకు జరిపింది. అతడు మళ్లీ పట్టీ అందుకున్నాడు. ఆమె మళ్లీ జరిపింది. అతడు పట్టీ బిగించాడు. చీకటి పడే దాకా కుట్లు వేయించాడు. తర్వాత, ఆమె లేని ఇంట్లో కూర్చుని, కుట్లు కానివన్నీ ఆ ముద్రలోంచి కత్తిరించాడు. కత్తిరించాననుకున్నాడు.

పట్టీ విప్పాడు. తొడుగు లాగి బల్ల మీద పడేశాడు.

"వెళ్లు," అన్నాడు. "వెళ్లి ఆ గుడ్డేదో అల్లుకో. రోజంతా అల్లు. ఇక్కడికి తెచ్చుకుని అల్లు. ఎంత ఎక్కువ అల్లితే అంత తొందరగా పోతుంది ఆమె."

దీన్ని పశ్చాత్తాపం అంటే అతనికి లేని గౌరవం ఇచ్చినట్టు. భార్య రెండుసార్లు వద్దంటే వినలేదు. మూడోసారికి ఓడిపోయాడు. అంతే.

*

సర్జన్లు వచ్చి టీ తాగి వెళ్లిపోయారు. చూపించడానికి ఏమీ లేదని శేషాచలమే చెప్పాడు. ఎందుకు లేదో చెప్పలేదు.

ప్రసూన ప్రయోగశాల కిటికీ పక్కన కూర్చుని అల్లింది. మొదట్లో దారం బిగిసిపోయేది, విప్పి మళ్లీ మొదలుపెట్టేది. శేషాచలం మధ్యాహ్నం క్యాంటీన్‌కు రావడం మానలేదు. కొన్నాళ్లు కరివేపాకు కంచం అంచున ఎలా పడితే అలా కనిపించింది. ఒకరోజు అసలు కనిపించలేదు. నమిలి మింగేసింది. బల్ల అంచు తుడిచే చిటికెన వేలు కూడా ఊరుకుంది. ఆసుపత్రిలో వింధ్యావళి ఒక్క సాయంత్రంలో పోయింది. ఈసారి రోజుకు కొంచెం చొప్పున పోయింది. అతడు ఒక్క పూట కూడా తప్పించుకోకుండా కూర్చుని చూశాడు.

ముద్ర ఇంకా యంత్రంలోనే ఉంది. దాన్ని ఎవరి చేతికి ఎక్కించాలన్నా, పట్టుకునే విద్య ఉన్న చెయ్యి కావాలి. పట్టుకున్నాక ఆ విద్య ఉండదు. శేషాచలం యంత్రం మీద గుడ్డ కప్పాడు. వచ్చే వేసవి ప్రకటన సంగతి ఏం చేయమంటారని ఫిరోజ్ అడిగితే, తన గదికి విద్యార్థులు అక్కర్లేదన్నాడు.

"ఉన్న విద్యార్థి సంగతేంటి సార్?" అన్నాడు ఫిరోజ్. "వారం ఉందింకా. కోడికాలు తెచ్చేశాను."

ప్రసూన మైక్రోస్కోపు ముందు కూర్చుంది. తొడుగు లేదు, టోపీ లేదు. పటకారు పట్టుకుంది. తప్పుగా పట్టుకుంది.

"అలా కాదు," అన్నాడు శేషాచలం, తలుపు దగ్గర నుంచే. కాసేపటికి లోపలికి వచ్చాడు. "ఇంకా వెనక పట్టుకునేది ఆమె. మోచెయ్యి బల్లకు ఆనించేది. సూది గుచ్చేటప్పుడు ఊపిరి వదిలేది, పీల్చేది కాదు."

ప్రసూన ఊపిరి వదిలి గుచ్చింది. సూది పక్కకు పోయింది. మళ్లీ గుచ్చింది. నరం చిరిగింది.

"ఈ కోడి బతికుంటే మన మీద కేసు పెట్టేది," అన్నాడు ఫిరోజ్.

"ఉండండి, మీరు పక్కన నవ్వుతుంటే నాకెలా కుదురుతుంది!" అంది ప్రసూన. చాలా రోజుల తర్వాత ఆమెకు ఒళ్లు మండింది. ఇంకో నరం తీసుకుంది. ఒక కుట్టు పడింది. వంకరగా, వదులుగా.

శేషాచలం తెర మీద చూశాడు. "చెడ్డగా ఉంది," అన్నాడు.

"ఆయ్."

"తీసేసి మళ్లీ వెయ్యి."

ఆమె తీసేసింది. మళ్లీ సూది ఎత్తింది. నరం జారిపోతోంది. తొడుగు వాడిన రోజుల్లో నరాన్ని ఒక బిగింపు పట్టుకుని ఉండేది. తొడుగుకు కుడిచెయ్యి ఒక్కటే తెలుసు. ఇప్పుడు ఆమె ఎడమచేత్తో మరో పటకారు అందుకుని తల ఎత్తింది.

"అమ్మగారు ఎడంచేత్తో నరాన్ని ఎలా పట్టుకునేవారండి?"

శేషాచలం తెర మీంచి చూపు తీశాడు. వింధ్యావళి కూర్చున్న బల్లలన్నీ గుర్తు చేసుకున్నాడు. ఇంట్లో, ఆసుపత్రిలో, వాళ్లు కాపురం పెట్టిన మొదటి అద్దెగదిలో. ప్రతిచోటా ఆమె కుడిచెయ్యి స్పష్టంగా కనిపించింది, వేలివేలితో సహా. ఎడమచెయ్యి ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ వైపు అతడు ఎప్పుడూ చూడలేదు.

ప్రసూన ఇంకా అతని వైపే చూస్తోంది.

"తెలియదు," అన్నాడు. "నీకు ఎలా వీలైతే అలా పట్టుకో."